శాంపిల్ తీయడంలో పొరపాటు జరిగితే గంజాయి కేసులో బెయిల్ వస్తుందా?

క్లుప్తంగా

మేజిస్ట్రేటు ముందు శాంపిల్ తీయలేదనో, ఆలస్యంగా తీశారనో చెప్పి, ఆ ఒక్క కారణంతోనే ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల నిరోధక చట్టం) కేసులో బెయిల్ ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో తేల్చింది. అంతమాత్రాన ఇలాంటి పొరపాట్లకు విలువ పోలేదు. పట్టుబడిన సరుకు ఎంత, అసలు ఆ సరుకేనా అన్న అనుమానం రేపే పొరపాటు బెయిల్ దగ్గర ఇప్పటికీ పనికొస్తుంది. మిగతావి తుది విచారణ దాకా ఆగాల్సిందే. ఛార్జిషీటు గడువు దాటడం, అరెస్టుకు కారణం చెప్పకపోవడం, విచారణ ఏళ్ల తరబడి సాగడం అనేవి వేరే దారులు.

రోడ్డు మీద మొదలయ్యే కేసు

నర్సీపట్నం నుంచి తుని వైపు వెళ్లే రోడ్డు మీద ఒక చెక్‌పోస్టు అనుకుందాం. తెల్లవారుజామున ఒక ఆటోను ఆపారు. సీటు వెనక రెండు గోనె సంచులు, వాటిలో బ్రౌన్ టేపు చుట్టిన 11 ప్యాకెట్లు. ఎస్‌ఐ కబురు పెడితే సోదాకు సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులు వచ్చారు, ఒకరు వీఆర్వో, ఇంకొకరు సచివాలయ ఉద్యోగి. దగ్గర్లోని కొట్టు నుంచి కాటా తెప్పించారు. టేపు, ప్లాస్టిక్ కవరు, సంచితో సహా తూకం 21 కిలోల 400 గ్రాములు. రెండు ప్యాకెట్లు కోసి, వాసన చూసి, గంజాయి అని రాసుకున్నారు. ఆ రెండింట్లోంచి కొంచెం కొంచెం తీసి ఎస్-1, ఎస్-2 అని చీటీలు అంటించి, లక్కతో సీలు వేశారు. మధ్యవర్తుల రిపోర్టు మీద అందరూ సంతకాలు పెట్టారు. డ్రైవరు ఏ-1, పక్కన కూర్చున్నవాడు ఏ-2. మర్నాడు రిమాండ్.

ఉదాహరణ కల్పితమే. కానీ గంటన్నరలో ముగిసే ఈ పనిలోనే తర్వాత కోర్టులో నెలల తరబడి వాదించే సంగతులన్నీ ఉన్నాయి. తూకం సంచితో కలిపి వేశారు. పదకొండింటిలో రెండే కోశారు. శాంపిల్ రోడ్డు మీదే తీశారు. ఆటోలో సరుకు వస్తోందని ముందే సమాచారం ఉందా, ఉంటే దాన్ని కాగితం మీద పెట్టారా అన్నది ఎక్కడా లేదు. వీటిలో ఏది ముద్దాయిని బయటికి తెస్తుంది, ఏది తేదు అన్నది వేరువేరుగా చూడాల్సిన విషయం. ‘ప్రొసీజర్ పాటించలేదు కాబట్టి బెయిల్ ఇవ్వాలి’ అని అన్నిటినీ ఒకే మూటలో కట్టడం వల్లే ఈ విషయంలో ఇంత గందరగోళం.

20 కిలోల గీత

ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. 1989 సవరణతో బెయిల్‌ను బాగా బిగించారు. 2001లో శిక్షలను పరిమాణంతో ముడిపెట్టారు. అదే ఏడాది అక్టోబర్ 19 నాటి నోటిఫికేషన్‌లో ఒక్కో మత్తు పదార్థానికి రెండు అంకెలు ఇచ్చారు. మొదటిదానికి లోపల ఉంటే స్వల్ప పరిమాణం, రెండోదాన్ని దాటితే వాణిజ్య పరిమాణం. గంజాయికి అవి 1 కిలో, 20 కిలోలు. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. హైదరాబాద్ పార్టీల వార్తల్లో తరచూ వినపడే ఎండీఎంఏకు అర గ్రాము, 10 గ్రాములు.

చట్టం వాడిన మాట ‘అంతకన్నా ఎక్కువ’. అంటే సరిగ్గా 20 కిలోల గంజాయి వాణిజ్య పరిమాణం కాదు. 20 కిలోల మీద ఒక్క గ్రాము ఎక్కువైనా అవుతుంది. ఆ ఒక్క గ్రాముతో శిక్ష మారిపోతుంది. గీతకు ఇవతల గరిష్ఠంగా పదేళ్లు, కనీస శిక్ష లేదు. అవతల కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై, పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా.

శిక్ష సంగతి తర్వాత, ముందు బెయిల్. గీతకు ఇవతల ఉంటే మామూలు కేసుల్లాగే చూస్తారు: పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, పాత కేసులున్నాయా అని. అవతల ఉంటే సెక్షన్ 37 అడ్డం పడుతుంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. ఆయన కాదంటే, ముద్దాయి ఈ నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని జడ్జికి అనిపించాలి. రెండూ కలిస్తేనే బెయిల్.

ఇందులో మొదటి షరతు ఎంత బరువైందో ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా చట్టంతో పోల్చితే తెలుస్తుంది. అక్కడ పోలీసుల ఆరోపణ పైపైన చూడగానే నిజమనిపిస్తే బెయిల్ రాదు. ఇక్కడ జడ్జి ఇంకో అడుగు ముందుకేసి, ఇతను నేరం చేయలేదేమో అని నమ్మగలగాలి. అదీ సాక్షులెవరినీ విచారించక ముందే, పోలీసుల కాగితాలు మాత్రమే చూసి. పైగా సరుకు ముద్దాయి దగ్గర దొరికిందని తేలితే, అది అతనికి తెలిసే ఉందని చట్టమే అనుకుంటుంది. కాదని చూపాల్సిన భారం అతనిదే.

కాబట్టి లాయరు ముందున్న మొదటి పని పొరపాటును చూపించడం కాదు, ఆ పొరపాటుతో సరుకును 20 కిలోల కిందికి దించడం. దించగలిగితే సెక్షన్ 37 పక్కకు పోతుంది. దించలేకపోతే ఎంత పెద్ద పొరపాటైనా ఆ గోడను ఢీకొట్టాల్సిందే.

52ఏ: నిల్వ కోసం పుట్టిన నియమం

శాంపిల్ గొడవంతా సెక్షన్ 52ఏ చుట్టూ తిరుగుతుంది. 1989లో దీన్ని చేర్చిన ఉద్దేశం ముద్దాయికి రక్షణ ఇవ్వడం కాదు. పట్టుకున్న సరుకు స్టేషన్లలో గుట్టలుగా పేరుకుపోతోంది, పాడవుతోంది, చోరీ అవుతోంది. దాన్ని విచారణ ముగిసేదాకా ఉంచకుండా ముందే తగలబెట్టే వీలు కావాలి. తగలబెట్టాక కోర్టులో ఏం చూపిస్తారు? అందుకే మేజిస్ట్రేటు సమక్షంలో జాబితా రాసి, ఫొటోలు తీసి, శాంపిళ్లు తీసి, ఆయన ధ్రువీకరిస్తే ఆ కాగితాలూ శాంపిళ్లే అసలు సాక్ష్యంగా నిలబడతాయని చెప్పారు. నిల్వ సమస్య ఊహించుకున్నది కాదు. తన మాల్‌ఖానాల్లోని (పట్టుకున్న సరుకు దాచే గదుల్లోని) 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసు శాఖ 2022లో కోర్టుకు చెప్పింది.

అయితే అధికారులకు 1988, 1989లలో ఇచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం శాంపిల్ పట్టుకున్న చోటే తీసేవారు, 72 గంటల్లో ల్యాబ్‌కు పంపాలనేవారు. చట్టంలో ఒకటి, ఆర్డర్‌లో ఒకటి. ఈ రెండు ఎడ్లూ చెరోవైపు లాగుతుండగానే పాతికేళ్లు గడిచిపోయాయి. 2016 జనవరిలో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చట్టం వైపు నిలిచింది. పట్టుకున్న చోట శాంపిల్ తీయడమన్నది చట్టంలో లేనే లేదని, సరుకును స్టేషన్‌కు చేర్చాక ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవాలని చెప్పింది. 2022 డిసెంబర్‌లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చి ఇదే పద్ధతిని ఖాయం చేసింది. శాంపిళ్లు మేజిస్ట్రేటు ముందే తీయాలి, జంటగా తీయాలి, గంజాయికైతే ఒక్కోటి 24 గ్రాములు ఉండాలి.

కాగితం మీద సమస్య తీరింది. కింది స్థాయిలో పాత అలవాటు మాత్రం పోలేదు. మన ఉదాహరణలోని ఎస్‌ఐ రోడ్డు మీదే ఎస్-1, ఎస్-2 తీయడం ఆ అలవాటే.

2023లో తలుపు తెరుచుకుంది, 2024లో మూసుకుంది

2023లో సుప్రీంకోర్టు వరసగా కొన్ని కేసుల్లో శిక్షలు కొట్టేసింది. మేజిస్ట్రేటు ముందు తీయని శాంపిల్‌ను అసలు సాక్ష్యంగా చూడలేమని, దాని మీద ఆధారపడిన ల్యాబ్ రిపోర్టుకు విలువ లేదని ఆ తీర్పుల సారాంశం. ఇవన్నీ విచారణ పూర్తయ్యి, శిక్ష పడి, అప్పీలుకు వచ్చిన కేసులు.

వీటిని బెయిల్ దరఖాస్తుల్లో వాడుకోవడం సహజంగానే మొదలైంది. తర్కం సూటిగా ఉంది: ఈ పొరపాటుతో చివరికి శిక్ష నిలవదని తెలిసినప్పుడు, ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి అదే తగిన కారణం కాదా? ఢిల్లీ హైకోర్టు 2023 మే 18న కాషిఫ్ కేసులో ఇదే దారిలో వెళ్లింది. శాంపిల్ తీయడానికి దరఖాస్తు పెట్టడంలో 51 రోజులు ఆలస్యం జరిగింది. 72 గంటలు తగిన గడువని, 51 రోజులు ఎలా చూసినా తగదని చెప్పి బెయిల్ ఇచ్చింది. దేశమంతా బెయిల్ దరఖాస్తుల్లో ఈ ఉత్తర్వు పేరు కనపడసాగింది.

2024 డిసెంబర్ 20న జస్టిస్ బేలా ఎం. త్రివేది, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 52ఏ ఉద్దేశం సరుకును త్వరగా నాశనం చేయడమే కాబట్టి, దాన్ని పాటించకపోయినా, ఆలస్యం చేసినా, ఆ కారణం ఒక్కదానితో విచారణ చెల్లకుండా పోదని, ముద్దాయికి బెయిల్ హక్కూ రాదని చెప్పింది. పట్టుకున్నప్పటి పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు, ఇతర ప్రాథమిక సాక్ష్యాలు కూడా చూడాలని, సెక్షన్ 37 షరతులు తప్పనిసరిగా పరిశీలించాలని గుర్తు చేసి, కేసును మళ్లీ వినమని హైకోర్టుకు పంపింది.

ఈ ఆలోచన వెనక భారతీయ సాక్ష్య చట్టంలో పాత సంప్రదాయం ఒకటి ఉంది. సోదా తప్పుగా చేసినా, అందులో దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదని 1973లోనే పూరణ్‌మల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అమెరికాలో దీనికి ఎదురు పద్ధతి. అక్కడ 1961 నుంచి, రాజ్యాంగ విరుద్ధమైన సోదాలో దొరికినదాన్ని రాష్ట్రాల కోర్టుల్లో కూడా సాధారణంగా పక్కన పెడతారు. అమెరికన్ సిరీస్‌లు చూసి ‘వారంటు లేదు, కేసు కొట్టేస్తారు’ అనుకునేవాళ్లకు ఇక్కడి కోర్టు విచిత్రంగా కనపడేది ఇందుకే.

పదిహేడు రోజుల తర్వాత, 2025 జనవరి 6న, ఇంకో ధర్మాసనం కొంచెం భిన్నమైన తూకం చూపింది. జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహదేవన్ ఛత్తీస్‌గఢ్ కేసులో ఇచ్చిన తీర్పు అది. 52ఏ పాటించి తీరాల్సిన నియమమే అన్నారు. కానీ పాటించనంత మాత్రాన కేసు కూలిపోదు. సరుకు విషయంలోనే తేడాలు కనపడి, అసలు పట్టుబడిందా అన్న అనుమానం వస్తే అప్పుడు కూలుతుంది. పాటించలేదని మొదట చూపాల్సింది ముద్దాయి. అతను ఆ మాత్రం పునాది వేస్తే, పాటించామని గానీ, పాటించకపోయినా కేసుకు నష్టం లేదని గానీ చూపాల్సింది ప్రాసిక్యూషన్.

రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే తేలేది ఒకటే. ‘మేజిస్ట్రేటు ముందు తీయలేదు’ అని ఆగిపోతే లాభం లేదు. ‘తీయలేదు కాబట్టి ఈ సరుకు మీద నమ్మకం ఎందుకు పోతుందో చూడండి’ అని పూర్తి చేయాలి.

సరుకును తాకే పొరపాటు

మళ్లీ ఆ 11 ప్యాకెట్ల దగ్గరికి వద్దాం. ఎస్‌ఐ కోసింది రెండే. ఒక్కోటి రెండు కిలోలనుకుంటే, గంజాయి అని పరీక్షలో తేలేది నాలుగు కిలోలే. మిగతా తొమ్మిదింట్లో ఏముందో ఎవరూ చూడలేదు. పోలీసుల జవాబు సిద్ధంగా ఉంటుంది: అన్నీ ఒకే రకం, ఒకే టేపు, ఒకే వాసన. నిబంధనలు కూడా ఒకేలా ఉన్న ప్యాకెట్లను లాట్లుగా, అంటే గుంపులుగా కలపనిస్తాయి. మామూలుగా ఒక లాట్‌కు పది, గంజాయి, చరస్‌లకైతే నలభై దాకా. కానీ అలా కలపడానికి ముందు ప్రతి ప్యాకెట్‌నూ చూసి, అన్నీ ఒకేలా ఉన్నాయని నమోదు చేయాలి కదా అన్నది ముద్దాయి వాదన. ఇది శాంపిల్ పద్ధతి మీద వాదనలాగే కనపడుతుంది గానీ, దెబ్బ పడేది పరిమాణం మీద. కాగితాల్లో ఆ నమోదు లేకపోతే బెయిల్ జడ్జి దీన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు.

తూకం సంగతీ అంతే. 21 కిలోల 400 గ్రాముల్లో టేపు, కవరు, గోనె సంచుల బరువు ఎంత? సంచులే కిలో దాటొచ్చు. 80 కిలోల కేసులో ఇది పట్టించుకోదగ్గ విషయం కాదు. 21 కిలోల కేసులో ఇదే మొత్తం కేసు.

ఇక ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కేసుల్లో తరచూ వచ్చే ప్రశ్న, గంజాయి అంటే ఏమిటి? చట్టం ఇచ్చిన నిర్వచనంలో గంజాయి అంటే గంజాయి మొక్క పూత, కాత ఉన్న కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. ఏజెన్సీలో పట్టుబడే సరుకులో కాడలు, ఆకులు, పూత అన్నీ నొక్కేసి ప్యాక్ చేసి ఉంటాయి. పచ్చిదైతే తడి బరువు అదనం. పూతను వేరు చేసి తూకం వేయలేదు కాబట్టి 20 కిలోలు దాటిందని ఎలా చెప్తారని లాయర్లు అడుగుతారు. ఆకులు పూతతో కలిసే ఉన్నాయి కాబట్టి మొత్తం గంజాయే అని ప్రాసిక్యూటర్ అంటారు. దానికి తోడు 2020 నాటి హీరా సింగ్ తీర్పును చూపిస్తారు. మత్తు పదార్థంలో వేరే పదార్థం కలిపి ఉంటే స్వచ్ఛమైన భాగాన్నే కాకుండా మొత్తం మిశ్రమాన్ని తూకం వేయాలని ఆ తీర్పు చెప్పింది. మొక్క భాగాలకు ఆ మాట ఎంతవరకు వర్తిస్తుందన్నదే మెలిక. గీతకు దగ్గర్లో ఉన్న కేసుల్లో ఈ వాదనకు బలం, వందల కిలోల కేసుల్లో అది కేవలం మాట.

సీళ్లు, తేదీలు కూడా సరుకును తాకేవే. స్టేషన్ రిజిస్టర్‌లో ఒక సీలు, ల్యాబ్ రిపోర్టులో ఇంకో సీలు ఉన్నా, శాంపిల్ బరువు మారినా, మధ్యలో కొన్ని వారాలు అది ఎవరి దగ్గరుందో లెక్క లేకపోయినా, పరీక్షించింది ఇదేనా అన్న ప్రశ్న వస్తుంది. చిక్కేమిటంటే ఈ తేడాలు ఎక్కువగా క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే బయటపడతాయి. బెయిల్ వేళకు ముద్దాయి చేతిలో ఉండేది రిమాండ్ రిపోర్టు, మధ్యవర్తుల రిపోర్టు మాత్రమే.

మనిషిని తాకే పొరపాటు

సెక్షన్ 50 వేరే రకం. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ సోదా జరిపించుకునే హక్కు ఉందని చెప్పాలి. మన దగ్గర ఆ అధికారి చాలాసార్లు తహసీల్దారే. దీన్ని తు.చ. తప్పకుండా పాటించాలని 1999లో బల్దేవ్ సింగ్ కేసులోనూ, 2010లో గుజరాత్ కేసులోనూ రాజ్యాంగ ధర్మాసనాలు చెప్పాయి. ఇది ముద్దాయి రక్షణ కోసమే పెట్టిన నియమం కాబట్టి, 52ఏకు లేని పదును దీనికుంది.

కాకపోతే పరిధి చిన్నది. చేతిలోని బ్యాగు, సీటు కింద సంచి, కారు డిక్కీ ‘ఒళ్లు’ కిందికి రావని 2005 నుంచి సుప్రీంకోర్టు చెప్తూ వస్తోంది, 2023లోనూ అదే చెప్పింది. గంజాయి కేసుల్లో సరుకు జేబులో దొరకదు కదా. కాబట్టి ఈ రక్షణ ఆచరణలో ఉపయోగపడేది ఎక్కువగా హెరాయిన్, ఎండీఎంఏ లాంటి, జేబులో పట్టే సరుకు కేసుల్లో.

సెక్షన్ 42 ప్రకారం, ముందస్తు సమాచారం అందితే దాన్ని రాసి 72 గంటల్లో పైఅధికారికి పంపాలి. 2009లో కర్నైల్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీలు మధ్యేమార్గం తీశారు: ఆలస్యానికి కారణం చెప్తే ఫర్వాలేదు, అసలు రాయకపోతే కుదరదు. బహిరంగ ప్రదేశంలో పట్టుకుంటే 42 కాకుండా 43 వర్తిస్తుంది, దానికి ఈ రాతకోతలు అక్కర్లేదు. ప్రజా రవాణా వాహనాన్ని కూడా చట్టం బహిరంగ ప్రదేశంగానే చూస్తుంది. కిరాయి ఆటో అందులోకి వస్తుంది. సొంత కారు మాత్రం, రోడ్డు మీద ఆగి ఉన్నా, 42 కిందికే వస్తుందని 2021లో హరియాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అదే రోడ్డు, అదే సరుకు, అదే ఎస్‌ఐ. బండి మారితే పొరపాటు బరువు మారిపోతుంది. అయినా బెయిల్ దశలో చాలా కోర్టులు 42 వాదనను ‘విచారణలో తేలాల్సింది’ అని పక్కన పెడతాయి. జనరల్ డైరీలో సమాచారం రాసుకున్నారో లేదో ఆ అధికారి బోనెక్కితే గానీ తెలియదన్నది వాటి కారణం.

సరుకుతో సంబంధం లేని దారులు

ఈ వాదనలన్నిటికన్నా సూటిగా పనిచేసేది క్యాలెండర్. వాణిజ్య పరిమాణం కేసుల్లో ఛార్జిషీటుకు గడువు 180 రోజులు. అది చాలకపోతే, దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ఇంకా ఎందుకు లోపల ఉంచాలి అని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఇచ్చే రిపోర్టు మీద కోర్టు ఏడాది దాకా పెంచవచ్చు. రిపోర్టు లేకుండా గడువు దాటి, ఛార్జిషీటు పడక ముందే ముద్దాయి దరఖాస్తు పెట్టుకుంటే, బెయిల్ అతని హక్కు. ఇక్కడ సెక్షన్ 37 అడ్డు రాదు, సరుకు 2 టన్నులైనా సరే. ఈ హక్కును తర్వాత వేసిన ఛార్జిషీటు లాగేసుకోలేదని 2020లో సుప్రీంకోర్టు ఎన్‌డీపీఎస్ కేసులోనే చెప్పింది. ల్యాబ్ రిపోర్టు లేకుండా ఛార్జిషీటు వేస్తే అది పూర్తయినట్టా కాదా అన్న దగ్గర మాత్రం హైకోర్టులు తలోమాట చెప్పాయి.

రెండోది అరెస్టు కాగితం. అరెస్టుకు కారణాలు తెలపకపోతే రాజ్యాంగంలోని 22(1) అధికరణం ఉల్లంఘన అవుతుందని, అప్పుడు ప్రత్యేక చట్టాల్లోని బెయిల్ ఆంక్షలు కూడా అడ్డు కావని 2025 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ప్రకటించింది. అదే ఏడాది నవంబర్‌లో ఆ కారణాలు రాతపూర్వకంగా, ముద్దాయికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. విశాఖ, అల్లూరి జిల్లాల కేసుల్లో పట్టుబడేవాళ్లలో ఒడిశా, తమిళనాడు, కేరళ వాళ్లు తరచూ ఉంటారు. తెలుగు రాని మనిషి చేత తెలుగు కాగితం మీద సంతకం పెట్టించడం ఇకపై చిన్న విషయం కాదు.

ఇక్కడొక వింత కనపడుతుంది. శాంపిల్ 51 రోజులు ఆలస్యమైతే బెయిల్ రాదు, అరెస్టు కారణం చెప్పకపోతే వస్తుంది. అసంబద్ధంగా అనిపించినా లెక్క ఉంది. మొదటిది సాక్ష్యంలో లోపం, దాన్ని విచారణలో తూకం వేయొచ్చు. రెండోది మనిషిని పట్టి ఉంచే అధికారంలోనే లోపం, దాన్ని తర్వాత సరిచేయడం కుదరదు.

మూడోది కాలం. సాక్షులు రాక, వాయిదాల మీద వాయిదాలు పడి, ముద్దాయి ఏళ్ల తరబడి రిమాండ్‌లోనే ఉండిపోతే, వ్యక్తి స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణం ముందుకొస్తుంది. కనీసం పదేళ్ల శిక్ష పడే కేసుల్లో ఐదేళ్లు లోపలున్న ఎన్‌డీపీఎస్ రిమాండు ఖైదీలకు బెయిల్ ఇవ్వాలని 1994లోనే సుప్రీంకోర్టు ఒక్కసారి చర్యగా చెప్పింది. 2023లో ఏడేళ్లకు పైగా లోపలున్న ఢిల్లీ ముద్దాయి కేసులో, సెక్షన్ 37ను అక్షరాలా చదివితే ఎవరికీ బెయిల్ రాదని, విచారణలో అనుచిత ఆలస్యం జరిగితే ఆ సెక్షన్ బెయిల్‌ను ఆపలేదని అంది. ఒడిశాలో 247 కిలోల గంజాయి కేసులో మూడున్నరేళ్లు దాటిన ముద్దాయికి అదే ఏడాది బెయిల్ ఇచ్చింది. అక్కడ శాంపిల్ ఎలా తీశారన్న చర్చే ముఖ్యం కాలేదు. అయితే 2022లో ఇంకో కేసులో, జైల్లో గడిపిన కాలం ఒక్కటే కారణం కాదని కూడా సుప్రీంకోర్టే అంది. ఏ బెంచి ముందు ఏ తీర్పు చూపించారన్నది ఇప్పటికీ ఫలితాన్ని మారుస్తోంది.

ఇకపై మారేవి

రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ కేసుల కోసం ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగాలు పెట్టుకున్నాయి. పట్టివేతలు పెరిగితే మేజిస్ట్రేట్ల ముందు శాంపిల్ దరఖాస్తులూ పెరుగుతాయి. మామూలు కోర్టు పనితో పాటు రెండు వందల ప్యాకెట్లు విప్పించి, తూకం వేయించి, సంతకం పెట్టడం ఒక మేజిస్ట్రేటుకు సగం రోజు పని. డిసెంబర్ 2024 తీర్పు ఆ ఒత్తిడిని కొంత తగ్గించింది, అయితే ఆలస్యం చేయడానికి పోలీసులకు కొంత వెసులుబాటూ ఇచ్చింది. ముద్దాయికి బెయిల్ వచ్చేస్తుందన్న భయం లేనప్పుడు 51 రోజులు 80 కాకుండా ఆపేది ఏమీ లేదు.

దానికి ఎదురుగా ఒక కొత్త ఒత్తిడి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి. చెక్‌పోస్టు దగ్గర కాటా మీద సంచితో సహా తూకం వేశారా, ఎన్ని ప్యాకెట్లు కోశారు అన్నది ఇప్పుడు ఫోన్‌లో రికార్డవుతుంది. ఇంతకాలం క్రాస్ ఎగ్జామినేషన్ దాకా ఆగాల్సిన సంగతి, బెయిల్ దశలోనే జడ్జి కళ్ల ముందుకు రావచ్చు. వీడియో లేకపోతే ఎందుకు లేదని మొదటి వాయిదాలోనే అడగవచ్చు. సరుకును తాకే పొరపాట్లకు ఇది బలం, పోలీసులు సరిగ్గా చేసిన కేసులకు ఇంకా బలం.

బెయిల్ వచ్చాక కూడా బయటికి రానివాళ్లున్నారు. ఇద్దరు స్థానిక జామీనుదారులను తెమ్మంటే, కొరాపుట్ నుంచి కూలికి మూటలు మోసుకొచ్చిన మనిషి విశాఖలో ఎవర్ని తెస్తాడు? బెయిల్ వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

సరుకును తాకే పొరపాటు చివరికి ఏం చేస్తుందో చూపే నిజమైన కేసు ఒకటుంది. హైదరాబాద్ పోలీసులు 2009లో ఒక వాహనంలో 80 కిలోల గంజాయి పట్టుకున్నారు. శాంపిళ్లు అక్కడే తీశారు, మేజిస్ట్రేటు ముందు 52ఏ తంతు జరగలేదు. మూటల్లో గంజాయితో పాటు మిరపకాయలు కూడా ఉన్నాయని విచారణలో బయటపడింది. వాటిని వేరు చేసి గంజాయి ఎంతో విడిగా తూకం వేయలేదు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు తేదీ 2024 మార్చి 1.